పుట్టినట్టు ఎవరు చెప్పాలె?

పిల్లల దగ్గరికి పోవాలనుకునే పెద్దవాళ్లకు ఏ దేశం ఏ వీసా ఇస్తుందో రాయమన్నారు ఎడిటర్. నారాయణఖేడ్‌లో దొరికిన రెండు పేజీల అఫిడవిట్ ఈ కథను వేరే దారి పట్టించింది.

"ఏ దేశం, ఎంత ఖర్చు, ఎన్నేళ్లు. ఒక పట్టిక వేసెయ్యండి. గురువారం సాయంత్రానికి పేజీ వెళ్లిపోవాలి" అన్నారు ఎడిటర్. పట్టిక వేశాను. అది కింద ఒక బాక్సులో ఉంది. మిగతా జాగా అంతా నారాయణఖేడ్‌లో ఒక డీటీపీ సెంటర్ బల్ల మీద చూసిన స్టాంపు కాగితానికే ఇచ్చాను. పెద్దవాళ్ల వీసాల గురించి కన్సల్టెన్సీ బోర్డులు చెప్పని సంగతులన్నీ ఆ ఒక్క కాగితంలో ఉన్నాయి.

ఆ కాగితం ఒక అవ్వ పుట్టుక గురించి. పుట్టింది మనూర్‌లో, మెట్టింది అదే మండలంలో మంజీర పక్కన ఇంకో ఊళ్లో. వయసు 73. కొడుకు టెక్సస్‌లో ఉంటాడు. చదువుకోవడానికి పోయి, ఉద్యోగంలో కుదిరి, గ్రీన్‌కార్డు తెచ్చుకుని, పోయిన ఏడే పౌరసత్వ ప్రమాణం చేశాడు. ఇరవయ్యొక్క ఏళ్లు నిండిన అమెరికా పౌరుడు తల్లిదండ్రులకు గ్రీన్‌కార్డు అడగవచ్చు. దానికి ఏటా ఇన్నే అన్న లెక్క లేదు, వరుసలో ఏళ్ల తరబడి నిలబడే పనీ లేదు. కొడుకు సంబరంగా ఫోన్ చేసి, "అవ్వా, నీ బర్త్ సర్టిఫికెట్ తీసి పెట్టు" అన్నాడు.

లేనిది ఎక్కడి నుంచి తీస్తుంది?

లేదని కూడా కాగితం కావాలి

జనన మరణాల నమోదు చట్టం 1969లో వచ్చింది. చాలా రాష్ట్రాల్లో 1970 ఏప్రిల్ 1 నుంచి అమలైంది. అంతకుముందు పల్లెల్లో పుట్టినవాళ్లకు జనన ధ్రువీకరణ పత్రం ఉండటమే అరుదు. ఇది అమెరికా వాళ్లకూ తెలుసు. అందుకే మెట్లు కట్టి పెట్టారు. మొదట అసలు సర్టిఫికెట్ అడుగుతారు. అది లేకపోతే, రికార్డుల్లో వెతికాం, ఈ పేరు లేదు అని స్థానిక అధికారి ఇచ్చే నాన్ అవైలబిలిటీ సర్టిఫికెట్ పెట్టాలి. దానికి తోడుగా బడి రికార్డు లాంటిది ఉంటే ఇవ్వాలి. అదీ లేకపోతే ఇద్దరు మనుషుల అఫిడవిట్లు.

అవ్వ బడికి పోలేదు. కాబట్టి నేరుగా ఆఖరి మెట్టు మీదికే వచ్చింది.

ఆ ఇద్దరు ఎవరై ఉండాలో అమెరికా ఇమిగ్రేషన్ నిబంధనల్లో 8 సీఎఫ్ఆర్ 103.2 చెబుతుంది. దరఖాస్తుదారులు కాకూడదు. చుట్టాలైనా ఫరవాలేదు. కానీ ఆ సంగతి వాళ్లకు స్వయంగా తెలిసి ఉండాలి. పుట్టుక విషయంలో స్వయంగా తెలియడమంటే, ఆమె పుట్టేనాటికి ఊహ తెలిసి ఉండాలి. అంటే 73 ఏళ్ల మనిషికి సాక్షి ఎనభై దాటినవాళ్లలోనే దొరకాలి. ఊళ్లో ఆ వయసువాళ్లు ఎంతమంది మిగిలారో వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. వాళ్లలో ఆ ఇంటి సంగతి తెలిసినవాళ్లు ఇంకా తక్కువ.

అవ్వ అదృష్టం, ఒక అన్న మిగిలాడు. పెదనాన్న కొడుకు, వయసు 81. రెండు కుటుంబాలూ ఒకే ఇంట్లో ఉండేవి. ఆయన్ను జీపులో ఖేడ్‌కు తీసుకొచ్చి డీటీపీ సెంటర్‌లో కుర్చీ వేసి కూర్చోబెట్టారు. టైపు చేసే కుర్రాడు కంప్యూటర్‌లో ఉన్న నమూనా తీసి పేర్లు మారుస్తున్నాడు. ఫలానా వ్యక్తి ఫలానా తేదీన ఫలానా గ్రామంలో ఫలానా దంపతులకు జన్మించినట్లు నాకు వ్యక్తిగతంగా తెలుసు, ఇది నా జ్ఞానం మేరకు సత్యం. ఆ నమూనా ఎన్ని ఇళ్ల పుట్టుకలకు సాక్ష్యం చెప్పిందో!

"మీకెట్ల తెలుసు పెద్దాయనా?" అని నేనే అడిగాను.

"ఎట్ల తెలుసుడేంది సారు? మంత్రసానిని పిలుచుకొచ్చింది నేనే గద" అన్నాడాయన. "నాకు ఎనిమిదేండ్లు ఉంటయ్ గప్పుడు. వానలు మొదలైనయ్. చిన్నమ్మకు నొప్పులొస్తున్నయని మా అవ్వ నన్ను నిద్రల లేపింది. మొగోళ్లంత చేన్ల కాడ ఉన్నరు. మంత్రసాని కింది వాడల ఉంటుండె. లాంతరు పట్టుకొని ఉరికిన. తొవ్వల కుక్కలు ఎంటబడ్డయ్. తెల్లారంగ ఈ చెల్లె పుట్టింది. మళ్లీ ఆడపిల్లేనా అని మా ముసలామె మూతి ముడిసింది, గది సుత యాదికున్నది."

పక్కనే కూర్చున్న చెల్లె నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. టైపు కుర్రాడు మాత్రం ఇవేవీ ఎక్కించలేదు. "అవన్నీ అవసరం లేదు సార్, ఫార్మాట్‌లో ఉండవు" అన్నాడు.

అవసరం లేదన్న అదే అఫిడవిట్‌కు ప్రాణం. సాక్షి పేరు, చిరునామా, ఆయన పుట్టిన తేదీ, పుట్టిన ఊరు, దరఖాస్తుదారుతో చుట్టరికం, వీటన్నిటితో పాటు ఈ విషయం ఆయనకు ఎలా తెలిసిందో కూడా రాయాలని వీసా ఆఫీసులు అడుగుతాయి. ఇద్దరు సాక్షుల కాగితాలూ అక్షరం పొల్లుపోకుండా ఒకేలా ఉంటే అధికారికి అనుమానం రావడం సహజం. లాంతరు, కింది వాడ, మంత్రసాని, ఇవి ఏ నమూనాలోనూ దొరకవు. అక్కడ ఉన్న మనిషికే తెలుస్తాయి. చివరికి కుటుంబం వాళ్లు పట్టుబడితే మూడో పేరాలో ఒక వాక్యం చేరింది: ప్రసవ సమయంలో నేను అదే ఇంట్లో ఉన్నాను, మంత్రసానిని పిలుచుకొని వచ్చింది నేనే. ముసలామె మూతి ముడిచిన సంగతి మాత్రం చేరలేదు.

ఊరు కదల్లేదు, జిల్లా మారింది

తర్వాత వచ్చిన గడి, పుట్టిన స్థలం. కుర్రాడు ఆలోచించకుండా మనూర్, సంగారెడ్డి జిల్లా, తెలంగాణ అని కొట్టాడు. అవ్వ పాస్‌పోర్టులో మనూర్, మెదక్, ఆంధ్రప్రదేశ్ అని ఉంది. పెద్దాయన రెండూ విని, "మాది బీదర్ జిల్లా గద" అన్నాడు.

మూడూ నిజమే. నిజాం కాలం నుంచి నారాయణఖేడ్ తాలూకా బీదర్ జిల్లాలో ఉండేది. 1956 నవంబరు 1న రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ జరిగినప్పుడు బీదర్ మైసూరు రాష్ట్రంలోకి పోయింది. దాంట్లోంచి నారాయణఖేడ్ తాలూకానూ, జహీరాబాద్ తాలూకాలో చాలా భాగాన్నీ విడదీసి మెదక్ జిల్లాకు, అంటే ఆంధ్రప్రదేశ్‌కు కలిపారు. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. 2014లో తెలంగాణ వచ్చింది. 2016 అక్టోబరు 11న సంగారెడ్డి జిల్లా ఏర్పడింది. పెద్దాయన చెప్పినట్టు ఆమె పుట్టింది హైదరాబాద్ రాష్ట్రంలో మొదటిసారి ఓట్లు పడ్డ 1952లో అయితే, పుట్టిన స్థలం హైదరాబాద్ రాష్ట్రం, బీదర్ జిల్లా. మనూర్ ఉన్నచోటే ఉంది. దాని మీద నాలుగు చిరునామాలు మారాయి.

డల్లాస్‌లో ఉన్న కొడుక్కో, ఫారాలు నింపే కన్సల్టెన్సీకో ఈ సంగతి తెలియకపోతే చిక్కే. ఒక కాగితంలో మెదక్, ఇంకో కాగితంలో సంగారెడ్డి ఉంటే రెండూ వేరు వేరు ఊళ్లనుకుని వివరణ అడిగే ప్రమాదం ఉంది. దీనికి మార్గం తేలికే. అఫిడవిట్‌లో అన్ని పేర్లూ ఒకే వాక్యంలో రాయాలి: అప్పటి బీదర్ జిల్లా, తర్వాత మెదక్, ఇప్పుడు సంగారెడ్డి. పాస్‌పోర్టులో ఎలా ఉందో ఫారంలో అలాగే నింపాలి. ఖేడ్, జహీరాబాద్ ప్రాంతాల్లో 1956కు ముందు పుట్టిన ప్రతి ఒక్కరికీ ఇది వర్తిస్తుంది.

రెండో సాక్షి విషయంలో ఆ పాత జిల్లాయే అక్కరకొచ్చింది. ఆ వాడలోనే పెరిగి, ఇప్పుడు బీదర్‌లో కూతురి దగ్గర ఉంటున్న ఒక పెద్దావిడ ఆ ప్రసవం రోజున నీళ్లు కాచింది తానేనని చెప్పింది. ఆమె అఫిడవిట్ బీదర్‌లో నోటరీ చేయించారు.

ఇక పుట్టిన తేదీ. ఆధార్‌లో జనవరి 1. తేదీ తెలియనివాళ్లు వయసు చెబితే ఆధార్ వ్యవస్థ ఏడాదిని లెక్కగట్టి జనవరి 1 వేసేస్తుంది. మన పెద్దల్లో చాలామంది కొత్త సంవత్సరం నాడే పుట్టినట్టు కనిపించడానికి కారణం అదే. అవ్వ పాస్‌పోర్టులోనూ జనవరి 1 ఉంది. పెద్దాయన చెప్పేదేమో వానలు మొదలైన రోజు. ఇక్కడ కుటుంబం తెలివిగా నడుచుకుంది. ఉన్న తేదీని కదిలించలేదు. సాక్షులు ఏడాదినీ, ఇంటినీ, తల్లిదండ్రులనూ ధ్రువపరిచారు. తేదీ పాస్‌పోర్టు ప్రకారం అని రాశారు. తెలియని తేదీని తెలిసినట్టు ప్రమాణం చేయించకపోవడమే సాక్షికీ దరఖాస్తుకీ మంచిది.

ఎన్నేళ్లయినా సరే, పెళ్లి రుజువు కావాలి

తల్లికి గ్రీన్‌కార్డు అడగాలంటే పిటిషన్ దశలో కొడుకు జనన పత్రంలో తల్లి పేరుంటే చాలు. తండ్రికి మాత్రం తల్లిదండ్రుల వివాహ రుజువూ పెట్టాలి. అవ్వ భర్త ఇంకా ఉన్నాడు. పెళ్లయి యాభై ఏళ్లు దాటింది. పందిట్లో జరిగిన పెళ్లి. శుభలేఖ వేయలేదు, ఫొటో తీయలేదు.

హిందూ వివాహ చట్టం కింద పాత పెళ్లిని ఇప్పుడైనా నమోదు చేయించుకోవచ్చు. సబ్ రిజిస్ట్రార్ దగ్గర ఇద్దరూ హాజరు కావాలి, సాక్షులూ రావాలి. పెళ్లికి వచ్చినవాళ్లలో బతికున్నవాళ్ల కోసం మళ్లీ ఊరంతా వెతుకులాట. ఆ రోజు ఆఫీసులో ఇరవై రెండేళ్ల కొత్త జంట పక్కన వీళ్లిద్దరూ వరుసలో నిలబడ్డారు. కొత్త జంట వాళ్లకు కుర్చీలు ఇచ్చింది. "ఇప్పుడు పెళ్లి చేసుకుంటున్నరా తాతా?" అని ఆ పెళ్లికొడుకు అడిగితే, "లేదు బిడ్డా, అయిందని చెప్పనీకి వచ్చినం" అన్నాడు తాత.

చరిత్ర, ఒక్క పేరాలో

మొదట ఈ దారి మనవాళ్లకు లేదు. తెలుగువాడు యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో ఎన్నో మందుల పరిశోధనకు దారి చూపించి, అక్కడి పౌరుడు కాకుండానే 1948లో న్యూయార్క్‌లో కన్నుమూశారు. 1946లో లూస్ సెల్లర్ చట్టం భారతీయులకు ఏటా వంద మంది కోటా ఇచ్చింది. 1965 చట్టం దేశాల వారీ పాత కోటాలను ఎత్తేసి, పౌరుల తల్లిదండ్రులను దగ్గరి బంధువుల జాబితాలో చేర్చింది. అవ్వ కొడుకు ఇప్పుడు పట్టుకున్నది ఆ దారినే. 1990 చట్టం హెచ్1బీ ఉద్యోగ వీసాను తెచ్చింది, తర్వాత మన ఊళ్ల నుంచి వేలమంది పోయారు. 2010 నుంచి 2017 మధ్య అమెరికాలో తెలుగు మాట్లాడేవాళ్లు 86 శాతం పెరిగారని అక్కడి ఒక పరిశోధన సంస్థ లెక్కగట్టింది. 2008లో బేగంపేట పైగా ప్యాలెస్‌లో కాన్సులేట్ తెరిచారు. 2023 మార్చిలో అది నానక్‌రామ్‌గూడకు మారింది.

అమ్మ వయసు లెక్క

పౌరుడికి కోటా లేదన్న మాట విని సంబరపడే ముందు పౌరుడు కావడానికి ఎంతకాలం పడుతుందో చూడాలి. హెచ్1బీ మీద ఉన్నవాళ్లు తల్లిదండ్రులను పిలిపించలేరు. గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లు కూడా పిలిపించలేరు. పౌరులు మాత్రమే పిలిపించగలరు. భారతీయులకు ఉద్యోగాల గ్రీన్‌కార్డు వరుస చాలా పొడవు. 2025 అక్టోబరు వీసా బులెటిన్‌లో ఈబీ2 కోటాలో మనవాళ్ల వంతు 2013 ఏప్రిల్ దగ్గర ఉంది. అంటే 2013 తొలి నెలల్లో దరఖాస్తు పడ్డవాళ్ల వంతు అప్పటికి వచ్చింది. 2013లో తల్లి వయసు 55 అనుకుంటే 2025కు 67. గ్రీన్‌కార్డు వచ్చాక పౌరసత్వానికి మామూలుగా ఐదేళ్లు ఆగాలి, 72. ఆపై తల్లి పిటిషన్, ఇంటర్వ్యూ, వైద్య పరీక్ష, ఏడాదో ఏడాదిన్నరో పట్టినా 73, 74. ఇది వరుసలో ముందున్న అదృష్టవంతుల లెక్క. ఈ మధ్యే వరుసలో చేరినవాళ్ల తల్లుల వయసు లెక్కేయడానికి మనసొప్పలేదు.

అమెరికాలో పుట్టిన మనవడు పౌరుడే, కానీ అవ్వాతాతలను నేరుగా పిలిపించే హక్కు చట్టంలో లేదు. ఖేడ్‌లో ఈ మాట చెబితే నమ్మనివాళ్లే ఎక్కువ కనిపించారు.

అన్నీ కుదిరాక కొడుకు ఐ130 పిటిషన్ వేయాలి. ఫీజు ఆన్‌లైన్‌లో 625 డాలర్లు, కాగితం మీదైతే 675. తల్లికొకటి, తండ్రికొకటి. ఐ864 అనే పోషణ పత్రం మీద సంతకం చేసి, పేదరిక రేఖ కంటే 25 శాతం ఎక్కువ ఆదాయం ఉందని చూపించాలి. ఆ సంతకం మాటవరసకు పెట్టేది కాదు. తల్లిదండ్రులు పౌరులయ్యేదాకా, లేదా అక్కడ దాదాపు పదేళ్ల పనికి సరిపడా లెక్క పూర్తయ్యేదాకా కొడుకుదే బాధ్యత. ఇంటర్వ్యూ హైదరాబాద్‌లో ఉండదు, ముంబై పోవాలి.

బాక్స్: ఎడిటర్ అడిగిన పట్టిక

కెనడా: తల్లిదండ్రులకూ, తాతలకూ శాశ్వత నివాసం ఇచ్చే కార్యక్రమం ఉంది. పిలిపించాలనుకునే పిల్లల పేర్లు చివరిసారి నమోదు చేసింది 2020లో. 2025లో కూడా ఆ పాత జాబితాలోంచే 17,860 మందికి ఆహ్వానాలు పంపారు. సూపర్ వీసా నయం. పదేళ్లపాటు చెల్లుతుంది. 2022 జులై నుంచి ఒక్కసారి పోతే ఐదేళ్లు ఉండవచ్చు. పిల్లలకు నిర్దేశిత ఆదాయం ఉండాలి. కనీసం లక్ష కెనడా డాలర్ల ఆరోగ్య బీమా కట్టాలి.

ఆస్ట్రేలియా: ఒక్కొక్కరికి సుమారు 48 వేల ఆస్ట్రేలియా డాలర్లు కట్టే కంట్రిబ్యూటరీ వీసాకే పదేళ్లకు మించి ఆగాలి. డబ్బు తక్కువ పడే మామూలు పేరెంట్ వీసాకు వరుస ముప్పై ఏళ్లు దాటింది. రాని వీసాకు దరఖాస్తు తీసుకోవడం క్రూరమని ప్రభుత్వం వేసిన సమీక్షే 2023లో అంది. సంతానంలో కనీసం సగంమంది అక్కడ స్థిరపడి ఉండాలన్న షరతు సాధారణంగా ఉంటుంది. తాత్కాలికంగా 870 వీసా మీద మూడేళ్లో, ఐదేళ్లో, మొత్తం పదేళ్లు మించకుండా ఉండవచ్చు.

న్యూజిలాండ్: శాశ్వత నివాసానికి ఏటా 2,500 మందికే చోటు. 2025 సెప్టెంబరు 29 నుంచి పేరెంట్ బూస్ట్ అని ఐదేళ్ల వీసా మొదలైంది. ఒకసారి పొడిగించుకోవచ్చు.

బ్రిటన్: సొంత ఆదాయం ఉన్న రిటైరైనవాళ్లకు ఇచ్చే వీసాను 2008లో మూసేశారు. 2012 జులై 9 నుంచి ముసలి తల్లిదండ్రులు రావాలంటే రోజూ ఇతరుల సాయం లేకుండా బతకలేని స్థితి ఉండాలి. ఆ సాయం డబ్బు పెట్టినా సొంత దేశంలో దొరకదని రుజువు చేయాలి. కేర్‌టేకర్లు దొరికే మన దేశం నుంచి ఇది నెగ్గడం చాలా కష్టం.

డబ్బున్నవాళ్లకు: 55 దాటినవాళ్లకు యూఏఈ ఐదేళ్ల రిటైర్మెంట్ వీసా ఇస్తుంది. పది లక్షల దిర్హాముల ఆస్తో, పొదుపో చూపించడం ఒక మార్గం. థాయిలాండ్‌లో 50 దాటి, బ్యాంకులో 8 లక్షల బాత్ ఉంటే ఏడాది చొప్పున ఉండవచ్చు. ఇవి పిల్లలతో సంబంధం లేని వీసాలు. మనూర్‌లో వీటి గురించి అడిగినవాళ్లు నాకు కనపడలేదు.

నానక్‌రామ్‌గూడలో ఏమడుగుతారు?

ఎక్కువమంది పెద్దవాళ్లు పోయేది బీ1/బీ2 సందర్శక వీసా మీదే. ఫీజు 185 డాలర్లు. వస్తే మామూలుగా పదేళ్లకు ఇస్తారు. పోయిన ప్రతిసారీ సాధారణంగా ఆరు నెలలు ఉండనిస్తారు. అక్కడ ఎన్నాళ్లు ఉండవచ్చో చెప్పేది పాస్‌పోర్టులోని వీసా గడువు కాదు, దిగిన చోట అధికారి ఇచ్చే ఐ94 తేదీ. ఆ తేదీ దాటి 180 రోజులకు మించి ఉండి వస్తే మూడేళ్లు, ఏడాదికి మించి ఉండి వస్తే పదేళ్లు మళ్లీ రానివ్వరు.

వీసా ఇవ్వనప్పుడు ఎక్కువగా చూపేది 214(బి) అనే సెక్షన్. దాని ప్రకారం సందర్శక వీసా అడిగే ప్రతి మనిషీ అక్కడే ఉండిపోవడానికి వస్తున్నాడని అధికారి ముందే అనుకోవాలి. కాదని చూపించాల్సిన పని మనది. ఇంటర్వ్యూ తెలుగులో ఇవ్వవచ్చు. ఎందుకు పోతున్నారు, ఎన్ని రోజులు, ఇక్కడ ఎవరున్నారు, ఏం చేస్తారు, ఇంతకుముందు పోయారా, ఇంతే. మనూర్ రైతుకు ఇందులో భయపడాల్సింది లేదు. భూమి ఇక్కడ, బర్రె ఇక్కడ, మిగతా పిల్లలు ఇక్కడ. చిక్కంతా నేర్పించి పంపినప్పుడే వస్తుంది. కన్సల్టెన్సీలో బట్టీ పట్టిన జవాబు రెండో ప్రశ్నకే తడబడుతుంది.

ఇదివరకు 79 దాటినవాళ్లకు ఇంటర్వ్యూ లేకుండా వీసా ఇచ్చే వెసులుబాటు ఉండేది. 2025 సెప్టెంబరు 2 నుంచి దాన్ని ఎత్తేశారు. ఎనభై ఏళ్ల మనిషైనా కౌంటర్ ముందు నిలబడాలి.

సందర్శక వీసాకు పెట్టే డీఎస్160 ఫారం నింపేటప్పుడు పక్కన కూర్చోవడం ఒక అనుభవం. ఉగ్రవాద సంస్థలో ఉన్నారా, మారణహోమంలో పాల్గొన్నారా, వ్యభిచారం కోసం వస్తున్నారా అని ఆ ఫారం ప్రతి ఒక్కరినీ అడుగుతుంది. నెట్ సెంటర్ కుర్రాడు సిగ్గుతో ఆ పేజీ ఒక పెద్దావిడకు చదివి వినిపించకుండానే అన్నిటికీ కాదు అని నొక్కేశాడు. ఆ ఫారంలోనే ఇంకో ప్రశ్న ఉంటుంది: మీ తరఫున ఎవరైనా ఇమిగ్రెంట్ పిటిషన్ వేశారా? దాన్ని మాత్రం చదివి వినిపించాల్సిందే. ఈ కథనంలో అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న అదే. కాసేపట్లో మళ్లీ దాని దగ్గరికే వస్తాను.

మనూర్ వలస అసలు ఎటు?

ముఖచిత్రం మీద విమానం బొమ్మ వేస్తారు కాబట్టి ఇది కూడా చెప్పాలి. ఈ ప్రాంతం నుంచి పోయేవాళ్లలో ఎక్కువమంది పోయేది అమెరికాకు కాదు. హైదరాబాద్ అడ్డాలకూ, చెరకు నరికే పనులకూ పోతారు. గల్ఫ్‌కు పోయినవాళ్లదీ వేరే కథ. అక్కడ ఎన్నేళ్లు పనిచేసినా కూలి మనిషికి పౌరసత్వం రాదు, తల్లిదండ్రులను పిలిపించుకునే జీతమూ ఉండదు. ముసలితనం వస్తే వీసా వాళ్లదే పోతుంది. డిగ్రీ లేకుండా 60 దాటిన విదేశీ కార్మికుల పర్మిట్లు కొత్తవి ఇవ్వకూడదని కువైట్ 2021 జనవరి నుంచి నిబంధన పెట్టింది. గొడవయ్యాక 250 దీనార్ల రుసుమూ, ఆరోగ్య బీమా పెట్టి సడలించింది. ఒక ఇంట్లో కొడుకు తల్లిని డల్లాస్‌కు పిలిపించుకోవడానికి కాగితాలు పోగుచేస్తుంటే, వెనక వీధిలో ఇంకో తండ్రి కువైట్ నుంచి అరవై ఏళ్లకు పెట్టె సర్దుకుని వస్తాడు. విదేశీ వీసా అంటే ఆ రెండు ఇళ్లకూ ఒకటే అర్థం కాదు.

బాక్స్: పోయే ముందు

పేరు: పాస్‌పోర్టులో ఇంటి పేరూ, సొంత పేరూ రెండు గడుల్లోనూ ఉండేలా చూసుకోవాలి. ఒకటే పేరుంటే అమెరికా వీసా మీద ఎఫ్ఎన్‌యూ అని, అంటే పేరు తెలియదని పడుతుంది. ఒకే పేరున్న పాస్‌పోర్టుకు సందర్శక వీసా ఇవ్వబోమని 2022 నవంబరులో యూఏఈ చెప్పింది.

పాస్‌పోర్టు: 2023 అక్టోబరు 1కి ముందు పుట్టినవాళ్లకు జనన పత్రం ఒక్కటే రుజువు కాదు. ఇతర కాగితాలూ చెల్లుతాయి.

భూమి: గ్రీన్‌కార్డు వచ్చినంత మాత్రాన భారత పౌరసత్వం పోదు, ఉన్న పొలం ఎక్కడికీ పోదు. అమెరికా పౌరసత్వం తీసుకుంటే మాత్రం 1955 పౌరసత్వ చట్టం ప్రకారం ఇక్కడి పౌరసత్వం రద్దవుతుంది. ఓసీఐ కార్డు తెచ్చుకోవచ్చు గానీ దానితో వ్యవసాయ భూమి కొనలేరు.

వైద్యం: 65 దాటి గ్రీన్‌కార్డు మీద కొత్తగా పోయినవాళ్లకు మెడికేర్‌లో చేరాలంటే ఐదేళ్లు వరసగా అక్కడ ఉండి ఉండాలి. అప్పటిదాకా బీమా ఖర్చు పిల్లలదే. సందర్శకులు ప్రయాణ బీమా తీసుకునేటప్పుడు ముందే ఉన్న బీపీ, షుగర్‌లకు అది వర్తిస్తుందో లేదో చూసుకోవాలి.

అవ్వను ఎవరూ అడగని మాట

అఫిడవిట్ మీద పెద్దాయన వేలిముద్ర పడ్డాక, టీ తాగుతూ అవ్వను అడిగాను, అక్కడికి పోయి ఉండిపోతావా అని.

"ఉండుడెందుకు?" అంది. "మనవరాలిని సూడాలె. ఆర్నెల్లు ఉంట. కందులు కోసే యాళ్లకు రావాలె. ఈయన ఒక్కడు ఏం జేసుకుంటడు? మళ్ల యాడాది పోత."

కొడుకు తెప్పించబోయేది గ్రీన్‌కార్డు. గ్రీన్‌కార్డు అక్కడ కాపురం పెట్టేవాళ్ల కోసం. ఆరు నెలలు దాటి బయట ఉంటే దిగినప్పుడు ప్రశ్నలు వేస్తారు. ముందస్తు అనుమతి లేకుండా ఏడాది దాటితే కార్డు వదులుకున్నట్టే లెక్కగట్టవచ్చు. ఏటా సగం కాలం ఇక్కడే గడుపుతానంటే ఎప్పుడో ఒకప్పుడు ఇమిగ్రేషన్ అధికారి, మీ ఇల్లు ఎక్కడ అని అడుగుతాడు. అవ్వ నిజమే చెబుతుంది. చిక్కు అక్కడే వస్తుంది.

అవ్వ చెప్పినదానికి సరిపోయేది పదేళ్ల సందర్శక వీసా. దానికి జనన పత్రం అక్కర్లేదు, పెళ్లి రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, బీదర్‌కు పోయి సాక్షిని వెతకనక్కర్లేదు. కానీ వరుస తప్పితే అది చెయ్యి జారిపోవచ్చు. కొడుకు ముందు గ్రీన్‌కార్డు పిటిషన్ వేసేస్తే, డీఎస్160లో ఆ ప్రశ్నకు అవును అని నొక్కాలి. తిరిగి వస్తానని చెప్పే మనిషి పేరు మీద ఉండిపోవడానికి పెట్టిన అర్జీ కనిపిస్తుంది. 214(బి) ముందే అనుకునేది అదే. వీసా రాకూడదని లేదు, కానీ మెట్టు ఎత్తు పెరుగుతుంది. ఫలానా దేశంలో ఫలానా వీసా ఉంది అని చెప్పే ప్రకటనలు ఏది ముందు, ఏది వెనక అన్నది చెప్పవు.

నేను చూసినంతలో పెద్దవాళ్ల వీసాలన్నీ పిల్లల చుట్టూ అల్లినవే. పిల్లల పౌరసత్వం, పిల్లల జీతం, పిల్లల సంతకం. ఏ ఫారంలోనూ పెద్ద మనిషిని ఎక్కడ ఉండాలనుందని అడగరు. ఫారాలు అడగకపోతే పోనీ. ఇంట్లోనైనా అడగాలి కదా. చాలా ఇళ్లలో గ్రీన్‌కార్డు ఒక సౌకర్యం అనుకుని తెప్పిస్తారు. తర్వాత అవ్వాతాతలు ఆ కార్డును నిలబెట్టుకోవడానికి ఇష్టం లేని చలికాలాలు అక్కడ గడుపుతారు.

అందుకని ఈ కథనం చదివే డల్లాస్, టొరంటో, సిడ్నీ పిల్లలకు నాది ఒకటే సలహా. సాక్షి కాగితాలను ఇప్పుడే రాయించి పెట్టుకోండి. నమూనా కాకుండా, ఎలా తెలుసో చెప్పే వాక్యంతో రాయించండి. పెళ్లి రిజిస్ట్రేషన్ కూడా ఇప్పుడే చేయించండి. సాక్షుల వయసు ఎనభై దాటింది, వాళ్లు మీ పిటిషన్ కోసం ఆగలేరు. పిటిషన్ మాత్రం ఆగగలదు. దాన్ని వేసే ముందు ఊరికి ఫోన్ చేసి, బర్త్ సర్టిఫికెట్ సంగతి కాకుండా, ఎన్నాళ్లు ఉంటావు అని అడగండి. ఉండిపోతానంటే పిటిషన్ వెయ్యండి. ఆర్నెల్లు అంటే ముందు నానక్‌రామ్‌గూడలో అపాయింట్‌మెంట్ తీసుకోండి.